సెప్టెంబరులో ఏడు ఎక్కడిది?

పిల్లలూ! పోయిన నెల నేను తెనాలి స్టేషనులో రేపల్లె బండి కోసం కూర్చుని ఉన్నాను. అదే బల్ల మీద ఒక అక్కా, తమ్ముడూ ఉన్నారు. వాళ్ళ ఊరు రేపల్లె. అక్క తిరుపతిలో, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో శిక్షాశాస్త్రి చదువుతున్నది. బడిలో సంస్కృతం చెప్పబోయేవాళ్ళకు అది బి.ఎడ్. వంటిది. తమ్ముడు చదివేది బాపట్ల వ్యవసాయ కళాశాలలో. అది 1945లో పెట్టినది. అక్క వస్తున్న బండినే అతడు బాపట్లలో ఎక్కాడట. ఇద్దరూ ఇక్కడ బండి మారాలి.

అక్క ముఖం వాడి ఉన్నది.

"మొన్న ఒక బడిలో మొదటి పాఠం చెప్పానురా. 'రామః, రామౌ, రామాః' అని బోర్డు మీద రాసి వల్లె వేయమన్నాను. ఒక పిల్లవాడు లేచి, 'టీచర్, ఈ భాష ఎవరింట్లో మాట్లాడతారండీ?' అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. సెలవులు కాగానే మళ్ళీ ఆ క్లాసుకే వెళ్ళాలి" అన్నది.

తమ్ముడు నవ్వి, "మా సంగతి చూడు. ప్రతి మొక్కకూ లాటిన్ పేరు నేర్చుకోవాలి. అది పూర్వం రోమనుల భాష. ఇప్పుడు ఏ తల్లీ ఆ భాషలో జోల పాడదు. అయినా 1753లో లిన్నేయస్ మామిడికి 'మాంజిఫెరా ఇండికా' అని పేరు పెడితే, బాపట్లలోనూ, బ్రెజిల్‌లోనూ ఈనాటికీ అదే పేరు. 'ఫెరా' అంటే మోసేది. మాంగాలను మోసేది అన్నమాట" అన్నాడు.

అక్క చప్పున తల ఎత్తింది. "మోసేదా? సంస్కృతంలో 'భరతి' అంటే మోస్తున్నాడని! మరి లాటిన్‌లో తమ్ముణ్ణి ఏమంటారు?"

నేను ఊరుకోలేకపోయాను. "ఫ్రాటర్ అంటారమ్మా. మనం భ్రాత అనమూ?" అన్నాను.

ఒక్క మాట కలిస్తే కాకతాళీయం కావచ్చు. మాట మొదట ఇక్కడ 'భ' ఉన్నచోటనల్లా అక్కడ 'ఫ' వస్తూంటే, అది చుట్టరికమే. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి, సంస్కృతమూ, గ్రీకూ, లాటినూ ఒకే తల్లికి పుట్టి ఉండాలన్నాడు. తెలుగు ఆ ఇంటిది కాదు. సంస్కృతం నుంచి మాటలు ఎన్నో తెచ్చుకున్నది గాని, దాని తోబుట్టువులు తమిళం, కన్నడం వగైరాలు. 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దీనికి రుజువులు చూపాడు. తమాషా ఏమిటంటే, ఆ మామిడి పేరులో మనమూ ఉన్నాం! 'మాంగా' దక్షిణదేశపు మాట. తమిళులు 'మాంగాయ్' అంటారు. పోర్చుగీసువాళ్ళు దాన్ని ఐరోపాకు పట్టుకుపోయారు. అందులోని 'కాయ్' మన కాయే.

"ఇదంతా బాగానే ఉన్నది, తాతగారూ. లాటిన్ పిల్లలకు ఎక్కడ తెలుసు?" అన్నాడు తమ్ముడు.

"తెలుసు!" అన్నది అక్క. పాఠం కాగితం వెనక్కు తిప్పి గబగబా రాసింది: సప్త, సెప్టెంబరు, అష్ట, అక్టోబరు, నవ, నవంబరు, దశ, డిసెంబరు.

"సెప్టెంబరు తొమ్మిదో నెల గద, ఏడెలా అయింది?"

"ఈసారి నేను మొదట అడగబోయే ప్రశ్న అదే."

మీకు మాత్రం చెప్పేస్తాను. రోమనుల పాత సంవత్సరం మార్చితో మొదలయేది. వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి.

"మరి రామః, రామౌ?"

"ఎక్కాలు తప్పుతాయిట్రా? అది రెండో రోజు."

ఇంతలో బండి వచ్చింది. వేమూరు దాటినా ఆ పిల్ల కాగితం మీద ఇంకా ఏదో రాస్తూనే ఉన్నది.