గ్రబ్ ఇంటి దుర్భిణి

నిజామియా అబ్జర్వేటరీ అనగానే హైదరాబాదీలు నవాబు జఫర్ జంగ్‌ను తలుస్తారు. అక్కడి 15 అంగుళాల దుర్భిణిని చేసిన డబ్లిన్ గ్రబ్ కుటుంబం ఊసెవరూ ఎత్తరు. తండ్రి థామస్ బ్యాంక్ ఆఫ్ ఐర్లాండ్ ఇంజనీరు. కరెన్సీ నోట్లు అచ్చువేసి, నంబర్లు కొట్టే యంత్రాలు కట్టిన చేతులే 1868లో మెల్బోర్న్‌కు 48 అంగుళాల లోహపుటద్దం దుర్భిణిని కట్టాయి. కొడుకు హోవర్డ్ 1878లో వియన్నా కోసం చేసిన 27 అంగుళాల కటకపు దుర్భిణి అప్పటికి ప్రపంచంలోనే పెద్దది. అయినా చుక్కలు చూసేవాళ్లిచ్చే ఆర్డర్లతో కార్ఖానా ఎన్నాళ్లు నడుస్తుంది? మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల పెరిస్కోపులే చేతినిండా పనిచ్చాయి. 1925లో సంస్థను చార్లెస్ పార్సన్స్ కొన్నాడు. ఇంటి విద్య పరాయిచేతికి పోయిందని వాపోనక్కర్లేదు. గ్రబ్ పార్సన్స్ పేరుతో అది 1985 దాకా బతికింది.