మన గాలిని కొలిచేదెవరు?



భూసార పరీక్ష చేయించకుండా ఎరువు వేయొద్దని మనం ఒకరికొకరం చెప్పుకుంటాం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడమని అధికారులను అడుగుతాం. ధాన్యం అమ్మేకాడ తేమ శాతం, కాంటా దగ్గరుండి చూసుకుంటాం. మరి రాత్రీపగలూ పీల్చే గాలి సంగతేంది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఆ మాట మనం గట్టిగా అడిగింది లేదు.

కాలుష్యం పట్నం వాళ్ల బాధ అనుకున్నాం. అది తప్పని హైదరాబాదు దగ్గరి పల్లెలే చూపించాయి. బార్సిలోనా పరిశోధకురాలు క్యాథరిన్ టోన్ బృందం పాత రంగారెడ్డి జిల్లాలోని 28 పల్లెల్లో 3,717 మందిపై చేసిన అధ్యయనం 2020 జనవరిలో అచ్చయింది. పీఎం 2.5 అనే సన్నధూళి అక్కడి గాలిలో ఘనపు మీటరుకు ఏడాది సగటున సుమారు 33 మైక్రోగ్రాములు ఉంది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. అంటే మన లెక్కలో ఆ గాలి మంచిదే, ప్రపంచ లెక్కలో ఆరింతలు చెడ్డది.

ఈ ధూళి మందం వెంట్రుకలో సుమారు ముప్పయ్యో వంతు. ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. ధూళి ఎక్కువున్న చోట జనం నడుము, తుంటి ఎముకల్లో గట్టిదనం తక్కువగా కనబడింది. అదే పల్లెల్లో ఆడవాళ్ల బీపీకీ ఈ ధూళికీ సంబంధం ఉన్నట్టు మరో పరిశీలనలో తేలింది. గాలి ఒక్కటే కారణమని వాళ్లు అనలేదు. కానీ నడుము నొప్పి అంటే మూటలు మోసినందుకు, వయసు మీదపడినందుకు అని సరిపెట్టుకునే మనం ఒకసారి ఆలోచించాలి.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. నెట్టెంపాడు, కల్వకుర్తి, భీమా నీళ్లు వచ్చాక వరి పెరిగింది. కోత మిషన్ పోయిన తెల్లారే కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నాం. ఆ పొగ మొదట పీల్చేది మన పిల్లలే. ఎందుకు పెడుతున్నాం? కూలీలు దొరకరు, గడ్డి చుట్టే మిషన్‌కు కిరాయి భారం, తర్వాతి పంటకు దున్నే తొందర. పంజాబ్, హర్యానా పొగ ఢిల్లీని కమ్మితే 2018లో కేంద్రం ఆ పక్క రైతుల కోసం మిషన్లకు రాయితీ పథకం తెచ్చింది. మన పొగ ఢిల్లీ దాకా పోదు కాబట్టి మన గోడు వినేవాళ్లు లేరు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన స్వచ్ఛ గాలి కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి హైదరాబాదు, నల్లగొండ, సంగారెడ్డి, పటాన్‌చెరు ఉన్నాయి. మన మూడు జిల్లాల నుంచి ఒక్క పేరూ లేదు.

కొలత లేకపోతే ఏం నష్టమో పెద్ద ధన్వాడ చెప్పింది. రాజోలి మండలంలోని ఆ ఊరి రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని, గాలీ నీళ్లూ చెడతాయని కొట్లాడారు. 2025 జూన్‌లో సంకెళ్లతో కోర్టుకు వచ్చారు. రేపు ఎక్కడ ఏ ఫ్యాక్టరీ వచ్చినా, ఇదివరకు గాలి ఇట్లుండేదని చూపడానికి మన చేతిలో కాగితం ఉండాలి. హద్దురాళ్లు లేని పొలానికి తగాదా వస్తే గెలిచేదెవరో మనకు తెల్వంది కాదు.

అందుకే అడుగుదాం. మూడు జిల్లా కేంద్రాల్లోనే కాదు, మిల్లులు, క్రషర్లు ఉన్న మండలాల్లో కూడా గాలి కొలిచే యంత్రాలు పెట్టాలి. ఆ అంకెలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. ఏ ఫ్యాక్టరీకైనా అనుమతికి ముందు ఏడాది పాటు గాలి కొలవాలి. గడ్డి చుట్టే మిషన్లు సొసైటీల ద్వారా తక్కువ కిరాయికి ఇవ్వాలి. 500 రూపాయల గ్యాస్ అర్హులందరికీ అందాలి, కట్టెల పొయ్యి ముందు ఆడవాళ్ల కష్టం తీరాలి.

మన వంతుగా వచ్చే యాసంగి కోతల్లో ప్రతి ఊర్లో కొందరమైనా నిప్పు పెట్టకుండా గడ్డిని పశువులకో, భూమికో ఇద్దాం. వచ్చే గ్రామసభలో గాలి కొలతపై తీర్మానం చేయించి, ఒక నకలు సంఘం ఆఫీసుకు పంపుదాం. తూకంలో మోసాన్ని నిలదీసిన మనమే దీన్నీ నిలదీయాలి.