మూగజీవాల ఋణం

హుజూర్‌నగర్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఇంటర్‌లో జంతుశాస్త్రం చదువుతున్న ఆమె కూతురు, కరోనా టీకాను కోతులపై పరీక్షించారని ఎక్కడో చదివి, "అమ్మీ, మనం బతకడానికి వాటిని జబ్బుపడేలా చేయడం జుల్మ్ కాదా?" అని అడిగిందట. ఏం చెప్పాలో తోచలేదని ఆ తల్లి ఆవేదన.

ముందు జరిగిందేమిటో తెలుసుకుందాం. మనలో చాలామంది వేయించుకున్న కోవాగ్జిన్, హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి రూపొందించిన టీకా. మామూలు ఎలుకలకు తొలినాటి కరోనా వైరస్ సులభంగా సోకదు. అందుకే పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో దానిని మొదట హామ్‌స్టర్లపై, తర్వాత 20 కోతులపై పరీక్షించారు. కోతులను అయిదేసి చొప్పున నాలుగు గుంపులు చేశారు. మూడు గుంపులకు 14 రోజుల వ్యవధిలో రెండు మోతాదుల టీకా ఇచ్చారు, ఒక గుంపుకు ఇవ్వలేదు. ఆ పైన అన్నింటికీ వైరస్‌ను ఎక్కించారు. టీకా పొందని వాటికి న్యుమోనియా వచ్చింది, పొందిన వాటి ఊపిరితిత్తుల్లో దాని జాడ కనబడలేదు. సరైన మందే లేని ఆ రోజుల్లో మనిషికి కావాలని వైరస్ ఎక్కించి, ఊపిరితిత్తులను కోసి చూడలేం కదా!

అల్లాహ్ జంతువులను మనకు ఉపయోగపడేలా చేశాడు. అయితే అవి కూడా మనలాంటి సముదాయాలేనని ఖుర్‌ఆన్ గుర్తుచేస్తోంది. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. జిబహ్ చేసేవారు కత్తిని బాగా పదును పెట్టుకోవాలని, జంతువును బాధపెట్టరాదని బోధించారు. అంటే ప్రాణం తీసే అనుమతి ఉన్నచోట కూడా అనవసరంగా బాధపెట్టే అనుమతి లేదు.

ప్రయోగశాలకూ ఇదే కొలబద్ద. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా చిన్న జీవులతో పని జరిగేచోట పెద్ద జంతువుల జోలికి పోరాదని, నొప్పి కలిగించే ప్రయోగాలకు మత్తుమందు వాడాలని చెబుతోంది.

కాబట్టి సోదరీ, మీ అమ్మాయికి ఇలా చెప్పండి: ప్రాణరక్షణకు, వేరే దారి లేనప్పుడు, దయతో చేసినది జుల్మ్ కాదు. అవసరం లేకున్నా చేసినది, నిర్లక్ష్యంతో చేసినది ముమ్మాటికీ జుల్మే. దానికి అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవాలి. రేపు ఆమే ఒక ప్రయోగశాలలో అడుగుపెడితే, ఈ ప్రశ్నను గుమ్మం బయట వదిలి వెళ్లవద్దని కూడా చెప్పండి.