‘జూడా’ అన్న మాట గురించి

దినపత్రికలలో ‘జూడాల సమ్మె’ అన్న శీర్షిక కనబడినప్పుడెల్లా నాకు రెండు విధాల బాధ కలుగుతుంది. మొదటిది భాషకు సంబంధించినది. జూనియర్ డాక్టర్లు అన్న రెండు ఇంగ్లీషు మాటల తలలు నరికి అతికించిన ఈ ‘జూడా’ ఏ సమాసమో ఏ వ్యాకరణమూ చెప్పలేదు. ముప్పది ఏండ్లకు పైగా పాతబస్తీ బడులలో సంధులూ సమాసాలూ చెప్పినవాడిని కనుక కంటిలో నలుసువలె గుచ్చుకుంటుంది. సరే, పత్రికలవారికి స్థలాభావం, మన్నించవచ్చు. రెండవ బాధ అటువంటిది కాదు. ఆ ‘జూనియర్’ అన్న విశేషణమే అబద్ధం.

కొన్నేండ్ల క్రితం వానాకాలం చివర, శాలిబండలో మా పొరుగువారి మనుమడికి డెంగీ వచ్చినది. ఆరేండ్లవాడు, పద్దెనిమిది కిలోల బరువు. నగరంలోని ఒక ఆసుపత్రిలో పిల్లల అత్యవసర విభాగంలో చేర్చినారు. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చదువగలనని ‘పంతులు సాబ్, మీరూ రండి’ అని నన్నూ వెంటబెట్టుకొని పోయినారు. ఐదవ నాడు జ్వరం దిగినది. అందరమూ సంతోషించినాము. డెంగీ చేసే మోసం అదేనని తరువాత తెలిసినది. జ్వరం దిగిన తరువాతి ఒకటి రెండు రోజులే గండం. రక్తనాళాల నుండి ద్రవం బయటికి ఊరిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, కాళ్ళు చేతులు చల్లబడతాయి, నాడి అందదు. సెలైన్ తక్కువైతే ప్రాణం పోతుంది, ఎక్కువైతే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. ఆ బిడ్డ ఒంటిలో ఉన్న రక్తం మొత్తం కలిపినా ఒకటిన్నర లీటరు ఉండదు. గంట గంటకూ నాడి, రక్తపోటు, మూత్రం చూచుకొంటూ, బరువును బట్టి లెక్కగట్టి చుక్కలు పెంచుతూ తగ్గిస్తూ ఉండవలసినదే.

ఆ రాత్రి రెండు గంటలకు ఈ లెక్కలు కడుతున్నది ఒక్క అమ్మాయి. మాట తీరును బట్టి నల్లగొండ వైపు పిల్ల. ఎం.డి. రెండవ సంవత్సరమట. ముందు రోజు ఉదయం ఎనిమిదికి డ్యూటీ ఎక్కినది. పిల్లవాని కాళ్ళు చల్లబడగానే మా వాళ్ళకు గుండెలు జారినవి. వాని మేనమామ ‘బడే డాక్టర్ కో బులావ్! యే బచ్చీ క్యా కరేగీ?’ అని ఆమె చేతిలోని కేసు షీటు లాగి నేలకు కొట్టినాడు. ఆమె వంగి కాగితాలు ఏరుకొని, మారుమాటాడక లోపలికి పోయినది. ఇంత జరుగుతుంటే నేను నోరు మెదపలేదు. నిజం చెప్పవలెనంటే, అంతకు గంట ముందు ‘పెద్ద డాక్టరు ఎప్పుడు వస్తారమ్మా?’ అని అడిగినవాడిని నేనే.

తెల్లవారేసరికి వాని కాళ్ళు వెచ్చబడినవి. పెద్ద డాక్టరు వచ్చి చూచి, ‘ఇదే కొనసాగించండి’ అన్నారు. మా వాళ్ళు ఆయనకు చేతులెత్తి మ్రొక్కినారు. మధ్యాహ్నం రెండు దాటినాక కూడా ఆ అమ్మాయి అక్కడే నిలబడి వ్రాసుకొంటున్నది. ముప్పది గంటలు!

ఐదున్నర ఏండ్లు వైద్యవిద్య చదివి, మరల పోటీ పరీక్ష నెగ్గి వచ్చిన వైద్యురాలు మనకు ‘బచ్చీ’ ఎట్లా అయినది? మాట నేర్పినది మనమే. చిన్నవాడని పేరు పెట్టినప్పుడు చేయి లేపడం సులభమవుతుంది. ఇటువంటి దాడులకు మూడేండ్ల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా విధించవచ్చునని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే 11వ చట్టం చేసినారు. ఆ రాత్రి ఆ వరండాలో దానిని తలచినవారెవరు?

పనిగంటల కథ ఇంకా విచిత్రం. బస్సు డ్రైవరు రోజుకు ఎనిమిది గంటలు మించి పనిచేయరాదని 1961లోనే చట్టం చేసినారు. వైద్యుల విషయంలో వరుసగా పన్నెండు గంటలు మించరాదని కేంద్రం 1992లో రెసిడెన్సీ పథకంలో చెప్పినది. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలకు వచ్చేసరికి ‘సమంజసమైన’ పనిగంటలు, ‘సమంజసమైన’ విశ్రాంతి అన్నారు. పండితుడిగా అడుగుతున్నాను, సంఖ్య ఉండవలసిన చోట విశేషణం ఎందుకు వచ్చినది? మరుసటి ఏడు ఆ కమిషన్ వేసిన కార్యదళమే వారానికి 74 గంటలు మించవద్దన్నది, అదీ సలహాగానే.

‘మేమూ అట్లే చేసినాము, అట్లే నేర్చుకొన్నాము’ అని పెద్ద వైద్యులు కొందరు అంటారు. మా కాలంలో మేము పిల్లల చెవులు మెలిపెట్టేవారము. నేనూ మెలిపెట్టినాను. అది బోధనాపద్ధతి అవుతుందా? నిద్ర లేని కన్నుతో మందు లెక్క కడితే దశాంశ బిందువు ఒక్కటి జరిగినా చాలు. పెద్దవారి ఒళ్ళు ఆ పొరపాటును ఒక్కొక్కప్పుడు ఓర్చుకొంటుందేమో గాని పసిబిడ్డది ఓర్చుకోదు. కనుక వారి నిద్ర మా పిల్లల వైద్యంలో భాగమే.

ఇక ‘స్టైపెండు తీసుకొంటూ సమ్మె ఏమిటి?’ అనేవారికి. 2024 జూన్‌లో తెలంగాణలో వారు పని ఆపినప్పుడు అడిగినదేమిటి? స్టైపెండు నెలనెలా సక్రమంగా ఇమ్మని, వసతిగృహాలు బాగుచేయుమని, భద్రత కల్పించుమని, ఉస్మానియాకు కొత్త భవనం కట్టుమని. ఇందులో సగం రోగుల కోరికలే గదా! 1953 నుండి మూసీకి ఇవతలి తల్లులు బిడ్డలను చంకనెత్తుకొని రెడ్‌హిల్స్ నీలోఫర్‌కు పోతున్నారు. ఉస్మానియా వైద్య కళాశాల విద్యార్థులు లేనిదే ఆ ఆసుపత్రి ఒక్క రాత్రి గడువదని ఎరిగినవారెవరూ ఈ ప్రశ్న వేయరు.

బ్రిటన్‌లో 2024 సెప్టెంబరులో ‘జూనియర్ డాక్టర్’ అన్న పేరు తీసివేసి ‘రెసిడెంట్ డాక్టర్’ అన్నారు. మన కాగితాలలో 1992 నుండీ ఆ మాటే ఉన్నది. మారవలసినది మన పత్రికలూ మన నోరూ. తెలుగులో ‘నివాస వైద్యులు’ అనండి, నచ్చకపోతే రెసిడెంట్ డాక్టర్లనే వ్రాయండి, ‘జూడా’ మాత్రం వద్దు. ఈ మాటే ఒక దినపత్రిక సంపాదకులకు లేఖగా పంపినాను. రెండు వారాలు గడిచినా అచ్చు కాలేదు. అందుకే ఇక్కడ పెట్టినాను. మరొక పత్రికకు కూడా పంపుతాను.