దేశ రహస్యం ఎవరికి రహస్యం?

గత నెలలో ఆదిభట్ల దగ్గర ఒక ఊళ్ళో మహిళా కార్మికులతో మాట్లాడటానికి వెళ్ళాను. విమానాల, హెలికాప్టర్ల విడిభాగాలు తయారయ్యే ప్రాంతం అది. కాంట్రాక్టరు కింద పనిచేసే ఒక అమ్మాయి తన జీతంలో ప్రతి నెలా పి.ఎఫ్. కోస్తున్నారని చెప్పింది. ఆ డబ్బు ఎక్కడ జమవుతోందని అడిగితే సూపర్‌వైజరు, "ఇది డిఫెన్సు కంపెనీ, ఇక్కడ ప్రశ్నలు వేయకూడదు" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దేశరక్షణ అనగానే మనం వెనక్కి తగ్గుతాం. అది సైనికాధికారుల వ్యవహారం, మగవాళ్ళ వ్యవహారం అని వదిలేస్తాం. నేనూ ఇన్నాళ్ళు అలాగే వదిలేశాను. ఈలోగా ఏం జరిగిందో చూడండి. 2001 దాకా ఆయుధాల తయారీ ప్రభుత్వ రంగం చేతుల్లోనే ఉండేది. ఆ ఏడాది ప్రైవేటు కంపెనీలను రానిచ్చి, విదేశీ వాటా 26 శాతం దాటకూడదన్నారు. 2014లో దాన్ని 49 చేశారు. 2020 సెప్టెంబరులో, కొత్తగా లైసెన్సు కోరే కంపెనీల్లో 74 శాతం దాకా విదేశీ పెట్టుబడికి ప్రభుత్వ ముందస్తు అనుమతే అక్కర్లేదన్నారు. 2023లో స్వీడన్ కంపెనీ సాబ్‌కు హర్యానాలో నూరు శాతం సొంత వాటాతో ఆయుధాల ఫ్యాక్టరీ పెట్టుకోవడానికి అనుమతి దొరికింది.

కంపెనీలో సగానికి మించి వాటా ఉన్నవాళ్ళు డైరెక్టర్లను తామే ఎన్నుకోగలరు. కాబట్టి 74 శాతం అంటే రోజువారీ నిర్ణయాలన్నీ వాళ్ళవే. దేశ భద్రతకు ముప్పు అనిపిస్తే పెట్టుబడిని సమీక్షించే హక్కు ప్రభుత్వానికి ఉంటుందని 2020 నిబంధనల్లో ఒక వాక్యం చేర్చారు. ఆ సమీక్షలో ప్రజలకు చోటెక్కడ?

ముప్పు ఊహ కాదు. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెడితే, బ్రిటన్ నుంచి కొన్న సీ కింగ్ హెలికాప్టర్లకు సైతం విడిభాగాలు దొరక్క మన నౌకాదళం తిప్పలు పడింది. మీట ఎవరి చేతిలో ఉందో అప్పుడు తెలిసింది.

ఇక ఇక్కడ తయారైంది ఎక్కడికి పోతోంది? అదానీ, ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ కలిసి హైదరాబాదులో 2018లో ప్రారంభించిన ఫ్యాక్టరీ నుంచి హెర్మెస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్ళాయని 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. అప్పటికే గాజాలో చనిపోతున్నవాళ్ళలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతి ఆపమన్న పిటిషన్‌ను ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు, విదేశాంగ విధానంలో తాము జోక్యం చేసుకోలేమంటూ కొట్టేసింది.

మరి మనకు మిగిలిన దారి సమాచార హక్కు. అదీ ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. డి.ఆర్.డి.ఓ.కు చట్టంలో మినహాయింపు ఉన్నా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల విషయంలో అడగవచ్చు. (ఈ సంగతి మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు.) ప్రైవేటు కంపెనీని మాత్రం నేరుగా అడగలేం. విదేశంలో కూర్చున్న వాటాదారుకు లెక్కలన్నీ అందుతాయి, గేటు బయట భూమి పోగొట్టుకున్నామెకు మాత్రం అది రహస్యం. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లోనూ పరిస్థితి అంత గొప్పగా లేదు. 2021లో 41 కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చారు, మన ఎద్దుమైలారం వాటిలో ఒకటి. ఆ మార్పును ఎదిరించి కార్మికులు సమ్మెకు సిద్ధమైతే, సమ్మె చేస్తే ఏడాది జైలు అంటూ చట్టం తెచ్చారు.

స్వదేశీ యజమాని అయితే ఆ అమ్మాయి పి.ఎఫ్. సక్రమంగా జమయ్యేదని నేను అనుకోవడం లేదు. కానీ యజమాని ఎంత దూరం జరిగితే, అడగాల్సిన మనిషి అంత కనబడకుండా పోతాడు. ఆ రోజు ఆమెతో కలిసి పి.ఎఫ్. కార్యాలయానికి దరఖాస్తు రాశాం. యజమాని పేరు రాయాల్సిన చోట ఆమె కలం ఆగింది. "ఎవరి పేరు రాయాలక్కా? కాంట్రాక్టరుదా, గేటు మీద ఉన్నదా, ఆ ఫారిన్ వాళ్ళదా?" అంది.

మూడూ రాశాం.