అరుగుదల మా సిలబసులో లేదు

కాలేజీ సంచికలో ఆయిలు సీలు గొడవేమిటని పాఠకులు విసుక్కోవచ్చు. కథలూ కవితలూ రాసే మిత్రులు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నాకది చేతకాదు. నాకు తెలిసిన బాధ ఇది.

గత సార్వాలో మా ఊళ్ళో కాలవలు వదిలారు, దమ్ములు మొదలయ్యాయి. ఒకరోజు మా రోటవేటరు పక్క గేరుబాక్సు మూత తీసి చూస్తే ఆయిలు మజ్జిగలా తెల్లబడి ఉంది. సీలు పోయి బురదనీరు లోపలికి దిగిందన్నమాట. సీలు మార్చాం. ఆరు రోజులకి మళ్ళీ పోయింది. మళ్ళీ మార్చాం. మూడోసారి కూడా పోయేసరికి నాన్నకి ఒళ్ళు మండి, డూప్లికేటు సరుకు అంటగట్టాడని షాపువాణ్ణి నాలుగు తిట్టారు. నేనూ వంత పాడాను. ఫిజిక్సు చదివినవాణ్ణి కదా! "రబ్బరు మెత్తన, ఇనుము గట్టి, అరిగేది రబ్బరే" అని సిద్ధాంతం కూడా చెప్పాను.

మెకానిక్కు ఏమీ అనలేదు. షాఫ్టుని గుడ్డతో తుడిచి, "గోరు పెట్టి చూడు బాబూ" అన్నాడు. సీలు పెదవి ఆనే చోట గోరు తగులుకుంది. షాఫ్టు చుట్టూ సన్నటి గాడి!

"ఆ గాడి మీద ఎన్ని సీళ్ళేసినా అంతేనండి" అన్నాడు నాన్నతో.

"రబ్బరు ఇనుముని కోస్తుందేవిటయ్యా?" అన్నారు నాన్న, నావైపు చూస్తూ. నా దగ్గర జవాబు లేదు.

జవాబు తరవాత చదివి తెలుసుకున్నాను. కోసింది రబ్బరు కాదు, ఇసుక. కాలవ నీటిలో వచ్చే సన్న రేణువు పెదవి కిందికి దూరుతుంది. మెత్తనిది కనక రబ్బరు లొంగి దాన్ని తనలో పొదువుకుంటుంది. ఇనుముకి లొంగడం తెలీదు. రేణువు రబ్బరులో పాతుకుని, ఆకురాయిలా షాఫ్టుని రాస్తూ ఉంటుంది. మోస్ కొలతలో ఇసుకలోని క్వార్ట్జు 7, ఇనుము 4 దగ్గర. ఇక చెప్పేదేముంది? గాడి పడ్డాక దాని కరుకు అంచులు కొత్త సీలుని నమిలేస్తాయి. గడ్డి, ప్లాస్టిక్ తాళ్ళు షాఫ్టుకి చుట్టుకుని పెదవిని నెట్టేస్తే ఇసుకకి దారి ఇంకా సులువు.

ఒక లెక్క వేశాను. షాఫ్టు మందం 40 మిల్లీమీటర్లు, నిమిషానికి 200 చుట్లు అనుకుందాం. ఎనిమిది గంటల దమ్ములో ఆ పల్చని పెదవి మీదుగా 12 కిలోమీటర్ల ఇనుము జారిపోతుంది, అదీ బురదలో. రబ్బరు పరిశ్రమలో ఒక ప్రామాణిక పరీక్ష ఉంది. చిన్న రబ్బరు బిళ్ళని 10 న్యూటన్ల ఒత్తిడితో, తిరిగే డ్రమ్ముకి చుట్టిన గరుకు గుడ్డ మీద 40 మీటర్లు నడిపించి ఎంత అరిగిందో చూస్తారు. రబ్బరుని రబ్బరుతో పోల్చడానికి అది మంచిదే. కాని ఆ గుడ్డ పొడిది. మా చేలో ఉన్నది నీళ్ళూ ఇసుకా, పక్కనే ఇనుము. ఆ పరీక్ష షాఫ్టు సంగతి చెప్పదు.

ఇక నా ఫిర్యాదు. మూడేళ్ళలో మేము చెక్కదిమ్మ మీద బరువులు పెట్టి ఘర్షణ గుణకం ఎన్నిసార్లు కట్టామో! ఆ దిమ్మ ఎంత అరిగిందని ఒక్కసారీ అడగలేదు. రైతు డబ్బు పోయేది అరుగుదలలోనే. ఒక మేష్టారితో ఈ మాటంటే, "అది ఇంజనీరింగోయ్, సైన్సు కాదు" అన్నారు. వారి మీద నాకు గౌరవం ఉంది గాని ఈ మాట ఒప్పుకోను. అరిగిన రబ్బరు మీద వరసగా లేచే గట్లని 1950లలో పరిశోధించి, రబ్బరు జారేటప్పుడు ముడతలు అలల్లా కదులుతాయని 1971లో చూపించిన షాలమాక్ భౌతిక శాస్త్రవేత్తే.

దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కెమిస్ట్రీ ల్యాబులో త్రాసుంది, ఫిజిక్సులో మోటారుంది. బజార్లో దొరికే నాలుగు రకాల సీళ్ళు తెచ్చి, తడి ఇసుకలో షాఫ్టు ముక్క మీద తిప్పి, ముందూ వెనకా రెండిటినీ తూస్తే ఒక ప్రాక్టికల్ అవుతుంది. ఫలితాలు నోటీసుబోర్డు మీద పెడితే మా ఊరివాళ్ళు కూడా వచ్చి చూసుకుంటారు. ఏ రబ్బరో, ఎంత గట్టిదో అట్ట మీద అచ్చువేయమని అమ్మేవాళ్ళని అప్పుడు ధైర్యంగా అడగొచ్చు.

మా షాఫ్టుకి చివరికి లేతు షాపులో పల్చటి ఉక్కు తొడుగు వేయించాం. దానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా నారు ముదిరిపోయింది, పిలకలు తగ్గాయి. షాపువాడి దగ్గరికి నాన్న మళ్ళీ వెళ్ళారు గాని, తిట్టినందుకేమీ అనలేదు, ఇంకో సీలు కొనుక్కొచ్చారు.

పాత సీళ్ళు మూడూ నా హాస్టలు గదిలో కిటికీలో ఉన్నాయి. బోటనీవారు ఒక్క పూట మైక్రోస్కోపు ఇస్తే, ఆ ఇసుక ఇంకా వాటిలోనే ఉందేమో చూడాలని ఉంది.