కేతన కుమారులు – సాహస శబ్దము

పాశ్చాత్య మధ్యయుగ కథలలో గుఱ్ఱమెక్కి అడవులు పట్టి తిరుగు యోధునకు మనవారు ‘సాహసవీరుడు’ అని పేరు పెట్టి, దశకుమారులను ఆతని ప్రక్కన నిలుపుట పరిపాటి యైనది. పోలిక లేకపోలేదు. 12వ శతాబ్దిలో ఫ్రెంచి కవి క్రెతియెన్ ద త్రువా ఆర్థరు కొలువులోని యోధులను అడవులకు పంపెను. 13వ శతాబ్దిలో అభినవదండి కేతన, దండి గద్యకావ్యమును తెలుగు కావ్యముగా మలచి తిక్కనకు అంకితమిచ్చెను. ఇచటను కుమారులు దేశములు తిరుగుదురు. కాని ‘సాహస’మను మాట యొద్దనే నాకు సందేహము.

ధర్మశాస్త్రమున సాహసము గుణము కాదు, నేరము. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో నది యొకటి. దండనమునకును అదే పేరు: ప్రథమసాహసము 250 పణములు, మధ్యమము 500, ఉత్తమము 1000. ఈ సంగతి కేతనకు తెలియనిది కాదు. మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించినవా డాతడే. పద్మారావు నగరులోని మా యింటి అలమారలో ఈ రెండు గ్రంథములును ప్రక్కప్రక్కనే యున్నవి. వానిని కలిపి చదువవలెనని మాత్రము నాకు చాల ఆలస్యముగా తోచినది.

దండి మూలమున అపహారవర్మ చంపానగరిలో లోభుల యిండ్లకు కన్నము వేయబోవునపుడు కత్తి, త్రాడు, కొలనూలు, దీపము లార్పుటకు పురుగులపెట్టె – అన్నియు సర్దుకొని బయలుదేరును. పనిముట్లను ఇంత శ్రద్ధతో లెక్కించిన కవికి సిగ్గు కలిగినట్లు లేదు. స్మృతి లెక్కలో బలిమితో బహిరంగముగా చేసినది సాహసము, చాటున చేసినది స్తేయము. కనుక అపహారవర్మ సాహసికుడును గాడు, ఉత్త దొంగ! ఉపహారవర్మ కథ యింకను చిక్కు. తన తండ్రిని చెఱబెట్టి రాజ్యము కాజేసిన వికటవర్మను, ఆతని రాణి కల్పసుందరి తోడ్పాటుతోనే వంచించి చంపి, మిథిలలో ఆతని స్థానమున కూర్చుండును. పాశ్చాత్య యోధునకు చాటున కొట్టుట అవమానము. పరువు కొఱకే యాతని తిరుగుడు. మనవారు తిరిగినది కనబడకుండ పోయిన రాజవాహనుని వెదకుటకు. పరువు తరువాతి మాట.

చాల యేండ్ల క్రిందట, పాఠ్యభాగములను నిర్ణయించు ఒక సమావేశమున, అపహారవర్మ కథ విద్యార్థులకు తగదని యొకరనిరి. తొలగించిరి. నేనును తలయూపితిని. ధర్మశాస్త్రమును తెనిగించిన చేతితోనే ఆ దొంగకథను తెనిగించిన కవికంటె మేము ధర్మజ్ఞులమా యన్న ప్రశ్న అప్పుడు తట్టలేదు. ఇప్పుడైనను ఆ కథను, స్మృతిలోని సాహసప్రకరణమును ఒకే వారమున, ఒకే తరగతిలో చదివింపవలెనని నా కోరిక. ‘సాహసవీరుడు’ అను అనువాదము నిలుచునో లేదో అటుపిమ్మట విద్యార్థులే తేల్చుదురు.